ఏ చెట్టు కల్లు?

మొన్న ఆఫీసు టీమంతా కలిసి గచ్చిబౌలి వైపు ఒక మైక్రోబ్రూవరీకి వెళ్లాం. అద్దాల వెనక పెద్ద పెద్ద స్టీలు ట్యాంకులు. వెయిటర్ వచ్చి, "ఇది ఇక్కడే తయారవుతుంది మేడమ్. వడగట్టం, ప్రిజర్వేటివ్స్ వేయం. కొద్ది రోజుల్లోనే తాగేయాలి" అని గోధుమ బీరు గురించి మహా గర్వంగా చెప్పాడు. గ్లాసులో తెల్లగా, కాస్త మడ్డిగా ఉంది. పైన నురగ. వాసన చూడగానే నాకు నవ్వొచ్చింది. పక్కన కూచున్న బెంగళూరు అమ్మాయి అడిగింది, "మీ మెదక్‌లో ఇలాంటివి ఉన్నాయా?" అని.

ఉన్నాయా ఏంటి! మా ఇల్లే ఒక బ్రూవరీ. ట్యాంకు లేదు, కరెంటు లేదు, మెనూ కార్డు లేదు. చెట్టుంది, లొట్టి ఉంది, మా బాపు ఉన్నాడు. కొద్ది రోజులు కాదు, పొద్దున దించింది సాయంత్రంలోపు తాగేయాలి. అంత తాజా అన్నమాట.

ఇదంతా ఆ అమ్మాయికి చెప్పలేదు. "ఉన్నాయిలే, వేరే టైపు" అని ఊరుకున్నా. ఎందుకంటే చెప్పడం మొదలుపెడితే మా నాయనమ్మ దాకా పోవాల్సి వస్తుంది. ఆ కథ బీరు గ్లాసు ముందు పెట్టుకుని చెప్పేది కాదు. అందుకే ఇక్కడ చెప్తున్నా.

మా బాపు గీత కార్మికుడు. మెదక్ పట్నం అంచున, మహబూబ్‌నహర్ కాలువ వైపు మాకు వంతుకొచ్చిన ఈతచెట్లు, తాటిచెట్లు ఉండేవి. చలికాలమంతా ఈత కల్లు, ఎండలు ముదిరేకొద్దీ తాటి కల్లు. నడుముకు ముస్తాదు, భుజాన మోకు, పక్కన గీత కత్తి. తెల్లారకముందే పోయేవాడు, మళ్లీ సాయంత్రం పోయేవాడు. తాడెక్కి చూస్తే ఒక దిక్కు కోట, ఇంకో దిక్కు మన చర్చి గోపురం కనిపిస్తాయని చెప్పేవాడు. 1924 క్రిస్మస్ నాడు ప్రారంభమైన ఆ చర్చి గోపురం ఎత్తు 175 అడుగులు. దాన్ని చూడటానికి జనం ఎక్కడెక్కడి నుంచో వస్తారు. మా బాపు మాత్రం దాన్ని రోజూ రెండుసార్లు చూసేవాడు, అదీ పైనుంచి ఇంకాస్త దగ్గరగా.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు చెప్తా. ఈతచెట్టుకు తల దగ్గర ఒక పక్క మట్టలు కోసి, మెత్తటి భాగాన్ని పల్చగా గీస్తారు. అక్కడినుంచి ఊరే నీరు బొట్టుబొట్టుగా లొట్టిలోకి దిగుతుంది. తాటిచెట్టుకైతే గెల చివర గీయాలి. చెట్టునుంచి దిగేటప్పుడు అది కల్లు కాదు, వట్టి తియ్యటి నీరు. అదే నీరా. లొట్టికి అంటుకుని ఉన్న ఈస్టు, గాలిలో ఉన్న సూక్ష్మజీవులు ఆ చక్కెరను పట్టుకుని గంటల్లోనే కల్లుగా మార్చేస్తాయి. బీరు తయారీలో వాడే ఈస్టు జాతే ఇందులోనూ ఉంటుంది. రాత్రి చల్లదనానికి మెల్లగా పులుస్తుంది కాబట్టి పొద్దుగాల కల్లు తియ్యగా ఉంటుంది. మధ్యాహ్నానికి ఘాటెక్కుతుంది. మర్నాటికి పులిసిపోయి వెనిగర్ దారి పడుతుంది. పులవకుండా ఉండాలంటే లొట్టి లోపల సున్నం పూయాలి.

ఇందులో అసలు సంగతి ఏంటంటే, కల్లు ప్రయాణం చేయలేదు. నిల్వ ఉండలేదు. కాబట్టి నడిచిపోయేంత దూరంలో ఎన్ని చెట్లుంటే అంతే కల్లు. చెట్టుకు రోజుకు రెండు మూడు లీటర్లు వస్తే గొప్ప అనేవాడు బాపు. అంతకుమించి ఎవరు అడిగినా 'అయిపోయింది' అనడమే. ఊళ్లో ఎంత తాగాలో చెట్లే నిర్ణయించేవి.

ఇక మండువా. పట్నం పిల్లలకు ఈ మాట తెలియకపోవచ్చు. మండువా అంటే కల్లు పోసే చోటు. మా దగ్గరిది చింతచెట్టు కింద ఒక రేకుల పందిరి, నాలుగు బండలు, ఒక మట్టి అరుగు. పక్కనే ఒకామె గుడాలు, బోటి కూర అమ్మేది. సాయంత్రం ఐదింటికి మా నాయనమ్మ స్టీలు గ్లాసు కొంగులో చుట్టుకుని పోయేది. నాట్లు వేసొచ్చిన ఆడవాళ్లు, కూలి చేసొచ్చిన మొగవాళ్లు, ముసలోళ్లు అందరూ అక్కడే. ఒకామె కోడలి మీద చెప్పేది, ఇంకొకాయన బోరు ఎండిపోయిందని చెప్పేవాడు. పెళ్లి సంబంధాలు కుదిరేవి, తగాదాలు తెగేవి, కొత్తవి పుట్టేవి. ఆడమనిషి తాగడమేంటని అక్కడ ఎవరూ అనుకోలేదు. బోనానికి కల్లు సాక పోసేదీ ఆడవాళ్లే, తాగేదీ ఆడవాళ్లే.

అంతా బంగారం అని మాత్రం చెప్పను. కూలి డబ్బులు సగం మండువాలోనే పెట్టి ఇంటికొచ్చిన మొగుళ్లను, వాళ్ల కోసం గుమ్మంలో నిలబడ్డ ఆడవాళ్లను నేనూ చూశా. ఒకప్పుడు కొన్ని కులాలవాళ్లకు దూరంగా కూచోబెట్టి, పైనుంచి రేకలో ఒంపేవారట. ఆ మాట చెప్పేటప్పుడు నాయనమ్మ గొంతు తగ్గేది. "గప్పుడు గట్లనే ఉండె బిడ్డా, తప్పే" అనేది. తాటాకు రేకలో తాగితే కల్లుకు రుచి ఎక్కువని ఇప్పుడు రీల్స్ చేస్తున్నారు. ఆ రేక వెనక ఇలాంటి కథ కూడా ఉంది.

2011లో బాపు తాటిచెట్టు మీదినుంచి పడ్డాడు. వానకు తడిసిన తాడు, కాలు జారింది. తుంటి ఎముక విరిగింది. ప్రాణం దక్కింది కానీ ఇక చెట్టెక్కలేదు. మా చెట్లు వేరేవాళ్లకు పోయాయి. కొన్నాళ్లకు కాలువ పక్కన కొన్ని ప్లాట్లయ్యాయి, తాళ్లు కూలాయి. ఇంట్లో కల్లు ఆగిపోయింది. నాయనమ్మ మాత్రం ఆగలేదు. మండువా కూడా అప్పటికి పోయింది. దాని బదులు మెయిన్ రోడ్డుకు దగ్గరగా పెద్ద కల్లు దుకాణం వచ్చింది. అక్కడ లొట్టి లేదు, రేక లేదు, డ్రమ్ములు, సీసాలు. నాయనమ్మ రోజూ ఒక సీసా తెచ్చుకునేది. "రుచి లేదు గానీ, నిద్ర మంచిగ పడుతుంది" అనేది.

ఆ మాట ఎంత భయంకరమైందో మాకు 2015లో తెలిసింది.

ఆ ఏడాది కల్తీ కల్లు మీద ఎక్సైజ్ దాడులు గట్టిగా జరిగాయి. దుకాణాల్లో మందు కలపడం ఒక్కసారిగా తగ్గింది. మందు అంటే క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్, అల్ప్రాజోలం లాంటివి. మొదటిది మత్తుమందు, మిగతా రెండూ డాక్టరు చీటీ లేకుండా ఇవ్వకూడని మాత్రల్లో ఉండేవి. తీపికి శాక్రిన్. ఇవి చిటికెడు వేస్తే డ్రమ్ముడు నీళ్లు కూడా 'కల్లు' అయిపోతాయి. మందు ఆగిన నాలుగైదు రోజుల్లోనే నిజామాబాద్, మెదక్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో జనం ఆస్పత్రులకు క్యూ కట్టారు. చేతులు వణకడం, ఫిట్స్, పిచ్చిపిచ్చిగా మాట్లాడటం.

నేనప్పుడు ఇంటర్ ఫస్టియర్. ఒక రాత్రి నాయనమ్మ లేచి కూచుని, గోడ మీద చీమలు పోతున్నాయని చేత్తో తుడవడం మొదలుపెట్టింది. గోడ మీద ఏమీ లేదు. మూడు రాత్రులు నిద్రపోలేదు. చనిపోయిన మా తాతతో మాట్లాడింది. గాలి సోకిందని పక్కింటివాళ్లు నిమ్మకాయలు తెచ్చారు. నాలుగో రోజు ఫిట్స్ వచ్చాక ఆస్పత్రికి తీసుకెళ్లాం. డాక్టరు అడిగిన మొదటి ప్రశ్న, "కల్లు తాగుతుందా?" అని.

"చిన్నప్పటి నుంచి తాగుతది సార్" అన్నాడు బాపు.

"ఇది కల్లు మానేసినందుకు వచ్చింది కాదు. కల్లులో కలిపేది ఆగినందుకు వచ్చింది. అలవాటైన మందు ఒక్కసారి ఆపితే ఇట్లనే అవుతుంది, మెల్లమెల్లగా తగ్గించాలి" అన్నాడాయన.

బాపు ఏమీ మాట్లాడలేదు. వరండాలోకి వచ్చి బెంచీ మీద కూచున్నాడు. నేను పక్కన కూచుంటే చాలాసేపటికి అన్నాడు, "నాకు ఎరుకే బిడ్డా."

"ఏది?"

"కలుపుతరని. మన సంఘంల చెట్లు గీసేటోళ్లు ఎందరు, దినానికి ఎంత దిగుతది, ఆ దుకాణంల ఎన్ని సీసలు పోతున్నయి? లెక్క నాకు రాదా? నాలుగింతలు అమ్ముతుండ్రు. మరి ఆ మూడింతలు యాడికెల్లి వచ్చె?"

"మరి నాయనమ్మకు ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే ముసల్ది సాయంత్రం యాడికి పోవాలె?"

పదేళ్లయింది. ఆ ప్రశ్నకు నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు. కోపం మాత్రం ఉంది. బాపు మీద కొంత, ఆ దుకాణం మీద చాలా. ఆ దుకాణం నడిపిందీ మావాళ్లే అన్నదాని మీద ఇంకా ఎక్కువ. చెట్టును ఎల్లమ్మ తల్లిలా మొక్కేవాళ్లం, కాటమయ్య పేరు తలవకుండా మోకు పట్టనివాళ్లం కదా మనం, మరి ఆ డ్రమ్ములో చిటికెడు పొడి వేసేటప్పుడు చెయ్యి వణకలేదా? ఈ మాట రాస్తే కొందరు బంధువులకు నచ్చదని తెలుసు. రాయనీ.

నాయనమ్మ రెండు వారాలకు కోలుకుంది. మళ్లీ ఆ దుకాణానికి పోలేదు. కానీ సాయంత్రం ఐదయ్యేసరికి స్టీలు గ్లాసు పట్టుకుని గడప మీద కూచునేది, అందులో చాయ్ పోసుకుని. వచ్చీపోయేవాళ్లను పిలిచేది. ఒకరిద్దరు ఆగేవారు, ఎక్కువమంది ఆగేవారు కాదు. 2020లో పోయింది.

ఈలోపు మెదక్ మారింది. 2016 అక్టోబర్‌లో జిల్లా విడిపోయి సంగారెడ్డి, సిద్దిపేట వేరయ్యాయి. 2022లో ఊరికి రైలొచ్చింది. తాగే చోట్లూ మారాయి. ఇప్పుడున్నవి వైన్స్, దాని పక్కన పర్మిట్ రూమ్, పల్లెల్లో బెల్టు షాపులు. పర్మిట్ రూమ్ చూశారా ఎప్పుడైనా? నేను బయటినుంచే చూశా. కిటికీ లేని గది, ప్లాస్టిక్ గ్లాసులు, నిలబడి గబగబా తాగి పోయే మగాళ్లు. మా నాయనమ్మ అరవై ఏళ్లు దర్జాగా మండువాలో కూచుంది. ఆమె మనవరాలిని, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నదాన్ని, మా ఊరి పర్మిట్ రూమ్‌లో అడుగుపెట్టలేను. గచ్చిబౌలిలో అయితే పెట్టగలను, బిల్లు కట్టగలిగితే. ఎవరు ముందుకెళ్లినట్టో మీరే చెప్పండి.

బీరంటారా, దాని రాజధాని మా పక్కనే. ఒకప్పటి మా ఉమ్మడి జిల్లా, ఇప్పటి సంగారెడ్డి వైపు పెద్ద పెద్ద బీరు ఫ్యాక్టరీలున్నాయి. 2025 జనవరిలో బకాయిలు, ధరల గొడవతో కింగ్‌ఫిషర్ కంపెనీ రాష్ట్రానికి సరఫరా ఆపినప్పుడు మా కాలనీ కుర్రాళ్ల వాట్సాప్ స్టేటస్‌లు చూడాలి, ఏదో కరువొచ్చినట్టే. కరువు తీరింది, తర్వాతి నెలలో రేట్లు 15 శాతం పెరిగాయి.

మా చిన్నాయన కొడుకు కథ ఇంకోటి. వైన్ షాపుల కేటాయింపులో 2021 నుంచి గౌడ్లకు 15 శాతం రిజర్వేషన్ ఉంది. షాపు లాటరీలో వస్తుంది. దరఖాస్తు ఫీజు 2023లో 2 లక్షలు, 2025లో 3 లక్షలు. డ్రాలో పేరు రాకపోతే ఆ డబ్బు తిరిగి రాదు. మావాడు నలుగురు దోస్తులతో కలిసి వేశాడు. రాలేదు. తాత చెట్టెక్కాడు, తండ్రి చెట్టెక్కాడు, వీడు లాటరీ ఎక్కి జారాడు. దీనికి మాత్రం ఎక్స్‌గ్రేషియా లేదు.

2023 మే నెలలో నెక్లెస్ రోడ్డులో నీరా కేఫ్ తెరిచారు. ఆ దసరాకు బాపును తీసుకెళ్లా. హుస్సేన్‌సాగర్ ఎదురుగా, చక్కటి బిల్డింగు. చల్లటి నీరా తెచ్చిచ్చారు. మత్తు ఉండదు, పిల్లలు కూడా తాగొచ్చు. బాపు ఒక గుటక వేసి కళ్లు మూసుకున్నాడు. బాగుందన్నాడు. నిజంగానే అన్నాడు, మొహమాటానికి కాదు. తర్వాత కౌంటర్ దగ్గర ఉన్న అబ్బాయిని అడిగాడు, "ఇది ఏ చెట్టుది బిడ్డా?"

అబ్బాయికి అర్థం కాలేదు. "తాటి నీరా అంకుల్" అన్నాడు.

"తాటిదని నాకు ఎరుకే. ఏ ఊరి చెట్టు అంటున్న."

పాపం ఆ అబ్బాయి నా వంక చూశాడు. నేను బాపు చెయ్యి పట్టుకుని బయటికి తీసుకొచ్చా. అప్పుడు సిగ్గేసింది. తర్వాత ఆలోచిస్తే, మా ఊళ్లో జరిగిందంతా ఆ ఒక్క ప్రశ్న అడగడం మానేసినందుకే అనిపించింది. మండువాలో కూచున్నవాళ్లకు ఈ పూట కల్లు ఎవరు దించారో, ఏ గట్టు మీది చెట్టుదో తెలిసేది. బాగోలేకపోతే దించినవాడి మొహం మీదే చెప్పేవాళ్లు. డ్రమ్ము వచ్చాక అడగడానికి ఎదురుగా మనిషే లేడు. హైదరాబాద్‌లో కల్లు కాంపౌండ్లను 2004లో మూశారు, 2014లో తెరిచారు. మూసినా తెరిచినా నగరం నడిబొడ్డున చెట్లెక్కడివి? 2025 జూలైలో కూకట్‌పల్లి వైపు కల్తీ కల్లు తాగి ప్రాణాలు పోయినప్పుడు టీవీ ముందు బాపు అన్న మాట కూడా అదే: "ఏ చెట్టుదని ఒక్కడన్న అడిగిండా?"

ఈ బెంగ మన ఒక్కరిదే కాదు. బ్రిటన్‌లో పెద్ద కంపెనీల బీరు వచ్చి ఊరి బీరును మింగేస్తోందని 1971లోనే ఒక ఉద్యమం లేచింది. వేల్స్‌లో లిథ్‌వైన్ అనే చిన్న ఊళ్లో ఒక పబ్బును 1988 నుంచి ఊరివాళ్లే సహకార సంఘంగా నడుపుకుంటున్నారు. అది చదివి, ఓహో ఎంత గొప్ప ఐడియా అనుకున్నా. మరుక్షణం నవ్వొచ్చింది. మనకూ గీత సహకార సంఘాలు ఎప్పటినుంచో ఉన్నాయి కదా! సంఘం ఉంది, లైసెన్సు ఉంది, చెట్లే లేవు. చెట్ల పెంపకానికి సంఘానికి 5 ఎకరాలు ఇవ్వాలని 560 నంబరు జీవో ఉంది. ఆ భూమి ఇవ్వండని మావాళ్లు ఇంకా దరఖాస్తులు పెడుతూనే ఉన్నారు.

చెట్లే లేవు అన్నానా? ఆరున్నాయి.

హరితహారంలో మా వైపు కాలువ గట్టు మీద ఈత మొక్కలు పెట్టారు. చాలా ఎండిపోయాయి, కొన్ని మేకలు తిన్నాయి. కొన్నింటికి కుంటుకుంటూ పోయి బిందెలతో నీళ్లు పోసింది బాపే. అప్పుడు మాకు పిచ్చిలా అనిపించింది. ఇప్పుడవి గీతకొచ్చాయి. పొట్టి చెట్లు, ఎక్కక్కర్లేదు, చిన్న స్టూలు వేసుకుంటే చేతికందుతాయి. పోయిన చలికాలం బాపు ట్రంకు పెట్టెలోంచి గీత కత్తి తీశాడు. అమ్మ గొడవ పెట్టుకుంది. నేను ఫోన్లో గొడవ పెట్టుకున్నా. 2024లో ప్రభుత్వం ఇచ్చిన కాటమయ్య రక్షా కిట్టు అయినా తెచ్చుకో అంటే, "స్టూలు మీద నిలవడితానికి బెల్టు ఎందుకే?" అని నవ్వాడు.

డిసెంబర్‌లో ఊరికి పోయినప్పుడు తెల్లారి ఆయనతో పాటు వెళ్లా. మంచు. బాపు ఒక్కో చెట్టుకు ఒక్కోటి చొప్పున లొట్లు విప్పుకుంటూ వచ్చాడు. పదిహేనేళ్లయినా చేయి మర్చిపోలేదు. గీత పల్చగా, ఉల్లిపొరలా పడుతోంది. గట్టు కింద అప్పటికే ఐదారుగురు వచ్చి కూచున్నారు. ఇద్దరు నాయనమ్మ జట్టు వాళ్లు, ఇప్పుడు బాగా ముసలైపోయారు. ఒకామె కొంగులోంచి స్టీలు గ్లాసు తీసింది. నేను అటు తిరిగి కాలువ వైపు చూస్తూ నిలబడ్డా కాసేపు.

అప్పుడే బాపుకు ఫోన్. ఎవరో ఏడుపాయల దగ్గర దావత్ చేస్తున్నారట, 20 లీటర్లు కావాలట, ఎంతైనా ఇస్తామంటున్నారు.

"చెట్లు ఆరే ఉన్నయి పటేలా" అన్నాడు బాపు. అటునుంచి ఇంకేదో అన్నారు. "గది నాతోని కాదు" అని ఫోన్ పెట్టేశాడు. మళ్లీ లొట్టి వంచి ఆ ముసలామె గ్లాసు నింపాడు. ఆమె వాసన చూసి, నాలుక మీద వేసుకుని, "మూడో చెట్టుది తియ్యగ లేదురా" అంది. "నిన్న ఎండ ఎక్కువ ఉండె చిన్నమ్మా" అని సంజాయిషీ ఇచ్చుకున్నాడు. అంత సంతోషంగా తిట్లు తింటున్న మనిషిని నేను చూడలేదు.

బెంగళూరు అమ్మాయికి చూపిద్దామని ఒక లీటరు సీసాలో పోయించుకున్నా. మూత గట్టిగా పెట్టకు, పేలుతది అన్నాడు బాపు. బస్సులో సీసా ఒళ్లో పెట్టుకుని, ఐదు నిమిషాలకోసారి మూత వదులు చేస్తూ కూచున్నా. నర్సాపూర్ అడవి దాకా బాగానే ఉంది. దుండిగల్ దగ్గరికి వచ్చేసరికి బుస్సుమని పొంగి నా జీన్స్ మీద, పక్క సీటు మీద, అంతా నురగ. బస్సంతా పుల్లటి వాసన. కండక్టర్ టికెట్ మిషన్ పట్టుకుని మెల్లగా నా దగ్గరికి వచ్చాడు. తిడతాడనుకున్నా.

వంగి వాసన చూశాడు. "ఈతదా, తాటిదా?"

"ఈతది అన్నా."

"ఏడ చెట్టుది?"